సగం పంక్తుల వెనకాల: రోమన్ కవుల ఊళ్లలో ఆరు రోజులు

కాఫీ కప్పుల మీద, టీషర్టుల మీద, గోడ గడియారాల మీద కనిపించే లాటిన్ సూక్తుల్లో చాలావరకు సగం పంక్తులే. "కార్పే దియెమ్" హోరేస్ పద్యంలో చివరి వాక్యానికి తల మాత్రమే. "ఓమ్నియా విన్‌కిత్ అమోర్" వర్జిల్ పంక్తిలో మొదటి సగం. అసలు సంగతి చాలాసార్లు తెగిపోయిన ముక్కలో ఉంటుంది. ఇటలీ ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ, ఏ కవిని ఆయన ఊళ్లోనే పూర్తిగా చదువుకునేలా వేసిన దారి ఇది.

ఏ రోజు మొదలుపెట్టాలో ముందే చూసుకోవాలి. సిర్మియోనే శిథిలాలకు వారంలో ఒక రోజు సెలవు, అది ఏ రోజో ముందే కనుక్కోండి. హోరేస్ పొలం ఉన్న లిచెంజాకు ఆదివారం బస్సులు బాగా తక్కువ. ఈ రెండు చిక్కులూ తప్పేలా బయల్దేరండి. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా అనుకూలం. జులై, ఆగస్టుల్లో శిథిలాల మధ్య నీడ దొరకదు.

రైళ్లు రెండు రకాలు. వేగం రైళ్లలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి, ప్రయాణం తేదీ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. ప్రాంతీయ రైళ్లకు ధర మారదు, ముందే కొనాల్సిన పని లేదు. కానీ కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషన్‌లో ముద్ర వేయించాలి. అది మరిచిపోతే చేతిలో టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది.

పుస్తకం కొనేటప్పుడు ఒక పక్క లాటిన్ మూలం, ఎదుటి పేజీలో అనువాదం ఉన్న ప్రతి చూసుకోండి. లాటిన్ రాదని వెనకాడక్కర్లేదు. ఆ ఛందస్సు కూడా మన ఛందస్సులాగే గురు లఘువుల మీద నడుస్తుంది. వర్జిల్ వాడిన ఆరు గణాల పంక్తిలో ఒక్కో గణం భగణమో, రెండు గురువులో అయి ఉంటుంది. అయిదోది సాధారణంగా భగణం, ఆరోది రెండే అక్షరాలు. కాటుల్లస్ పద్యం "ఓదీ ఎత్ అమో" చూడండి. అచ్చు పక్కన అచ్చు వస్తే మొదటిది లోపిస్తుంది కాబట్టి చదివేటప్పుడు "ఓదెతమో" అవుతుంది. "ఓదెత" భగణం. ఆ తరవాత "మో క్వా", రెండు గురువులు. పద్యాలకు గణవిభజన చేసిన అలవాటున్నవాళ్లకు ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది.

మొదటి రోజు: వెరోనా, సిర్మియోనే

కాటుల్లస్ వెరోనావాడు. క్రీ.పూ. 84 ప్రాంతంలో పుట్టి ముప్ఫై ఏళ్లకే పోయాడు. 116 అని లెక్క చెప్పే ఆయన పద్యాలు దాదాపు అన్నీ ఒకే ఒక్క రాతప్రతి వల్ల మిగిలాయి. సుమారు 1300లో అది వెరోనాలో బయటపడింది, మళ్లీ పోయింది. ఈలోగా తీసిన నకళ్ల పరంపరే ఆక్స్‌ఫర్డ్, పారిస్, వాటికన్ గ్రంథాలయాల్లో ఉంది. ఆ కొద్దికాలంలో ఎవరూ నకలు తీసుకోకపోయి ఉంటే ఈ మొదటి రోజు ప్రయాణమే ఉండేది కాదు.

వెరోనా పోర్తా నువోవా స్టేషన్ నుంచి దెజెన్‌జానోకు ప్రాంతీయ రైల్లో అరగంట లోపే. అక్కడ బస్సెక్కితే గార్దా సరస్సులోకి పొడుచుకుని వెళ్లిన సన్నటి నేలముక్క మీద సిర్మియోనే కోట దగ్గర దిగుతారు. బయటి వాహనాలను కోట దాటి పోనివ్వరు. అక్కడినుంచి కొస దాకా కిలోమీటరు పైన నడక. మధ్యాహ్నానికి ఆ సందులు జనంతో కిక్కిరిసిపోతాయి కాబట్టి తెరిచే వేళకే చేరుకోవాలి.

చివర ఉన్న శిథిలాలను "కాటుల్లస్ గుహలు" అంటారు. అవి గుహలూ కావు, కాటుల్లస్‌వీ కావు. 167 మీటర్ల పొడవు, 105 మీటర్ల వెడల్పున్న రోమన్ భవనం అది, కవి పోయిన తరవాత కట్టింది. పైకప్పు కూలి, చెట్లు మొలిచి, కమానులు గుహల్లా కనబడటంతో ఆ పేరు స్థిరపడింది. అయినా ఈ ద్వీపకల్పం మీద ఆయన కుటుంబానికి ఇల్లుండేదన్నది మాత్రం కవే చెప్పిన మాట. ఆలివ్ తోట కింద కూర్చుని 31వ పద్యం తీయండి. ఇప్పటి టర్కీలో ఉన్న బితూనియా అనే రోమన్ రాష్ట్రంలో ఉద్యోగం చేసి, దేశాలు తిరిగి, డబ్బు మిగలక ఇంటికొచ్చినవాడి పద్యం అది. పద్నాలుగు పంక్తులు. ఇంతకాలం కలవరించిన సొంత మంచం మీద ఒళ్లు వాల్చడమే పడ్డ పాట్లన్నిటికీ తగిన కూలి అంటాడు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో ఇంటికొచ్చినవాళ్లకు ఈ పద్యానికి టీకా అక్కర్లేదు.

ప్రేమ పద్యాలకొస్తే ముందు అయిదోది. ముద్దులు వెయ్యి, వంద, మళ్లీ వెయ్యి, వంద, ఇంకో వెయ్యి, వంద. మొత్తం 3,300. చివర్లో లెక్కంతా కలిపేద్దాం అంటాడు, ఎన్నో తెలిస్తే ఎవడో ఓర్వలేనివాడు దిష్టి పెడతాడని! సరసం మధ్యలోనే ఇంకో మాట ఉంది: సూర్యుళ్లు కుంకి మళ్లీ రాగలరు, మన చిన్న వెలుగు ఒక్కసారి కుంకితే ఇక నిద్రపోవాల్సింది ఒకటే ఎడతెగని రాత్రి. ముద్దుల లెక్క ఆ భయం మీద నిలబడి ఉంది. 85వ పద్యం రెండే పంక్తులు. ద్వేషిస్తున్నాను, ప్రేమిస్తున్నాను అన్నది అందరికీ తెలిసిన ముక్క. రెండో పంక్తి: ఎందుకో తెలియదు, జరుగుతున్నది తెలుస్తోంది, నలిగిపోతున్నాను. కారణం చెప్పకపోవడమే దాని నిజాయితీ.

రెండో రోజు: మాంతువా

వెరోనా నుంచి మాంతువాకు రైల్లో గంట లోపు. వర్జిల్ క్రీ.పూ. 70 అక్టోబరు 15న ఈ ఊరి దగ్గరి ఆందెస్ అనే పల్లెలో పుట్టాడు. దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న పియేతొలేయే ఆ పల్లె అని పాత నమ్మకం. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ఒక పూట పోగొట్టుకోకండి. ఊళ్లోనే బ్రొలెత్తో చౌకు వైపు గోడలో, రాతపీట ముందు కూర్చున్న పదమూడో శతాబ్దపు వర్జిల్ శిల్పం చాలు. పెద్ద పార్కులో ఉన్న 1927 నాటి భారీ విగ్రహం కన్నా అదే మనిషిలా ఉంటుంది.

ఇక్కడ చదవాల్సింది పదో గోపగీతం. "ప్రేమ అన్నిటినీ జయిస్తుంది" అన్నమాట పెళ్లి కార్డుల మీదికి ఎక్కింది గానీ, పద్యంలో ఆ మాట అన్నది ఓడిపోయినవాడు, వర్జిల్ మిత్రుడు గాల్లుస్ అనే కవి. గాల్లుస్ ప్రేయసి లుకోరిస్ ఇంకొకడి వెంట, మంచులోకి, సైన్యాల మధ్యకి వెళ్లిపోయింది. అడవిలో తిరిగితే, వేటాడితే మరిచిపోతానేమో అని గాల్లుస్ రకరకాలుగా ఊహించుకుంటాడు, ఏదీ పనిచెయ్యదని తేల్చుకుంటాడు. అప్పుడంటాడు: ప్రేమ అన్నిటినీ గెలుస్తుంది, మనమూ దానికి లొంగిపోదాం. అది జెండా కాదు, తెల్లజెండా.

గడియారాల మీది "కాలం పరిగెడుతుంది" కూడా వర్జిల్‌దే. అది పశువుల పెంపకం గురించిన పుస్తకంలో, ఆవులు గుర్రాల సంగతి ముగించి గొర్రెలు మేకల సంగతికి వచ్చే చోట ఉంది. తిరిగిరాని కాలం పారిపోతోంది, మనమేమో విషయం మీద మమకారంతో ఒక్కొక్కదాని చుట్టూ తిరుగుతున్నాం అంటాడు. తొందరపెట్టే సూక్తి కాదది. ఇష్టమైన పనిలో పడి ఆలస్యం చేసిన రైతుబిడ్డ సంజాయిషీ.

మూడో రోజు: రోమ్

వెరోనా నుంచి రోమ్‌కు వేగం రైల్లో మూడు గంటలు. తెల్లవారే బండి పట్టుకుంటే మధ్యాహ్నం మిగులుతుంది. దాన్ని ఓవిడ్‌కి ఇవ్వండి. "ప్రేమకళ" మొదటి పుస్తకం ఒకరకంగా రోమ్ నగర పర్యాటక దర్శిని. ఎక్కడ ఎవరు కనబడతారో వసారాల వారీగా చెబుతుంది. లార్గో అర్జెంతీనాలో మొదలుపెడితే పాంపే అనే సేనాని కట్టించిన వసారా సముదాయం వెనక అంచు కనిపిస్తుంది. పది నిమిషాల్లో ఒక్తావియా వసారా, పక్కనే మార్సెల్లుస్ నాటకశాల, ఇంకో పావుగంటలో రథాల పందేలు జరిగిన సర్కస్ మాక్సిముస్. అక్కడిప్పుడు మిగిలింది సుమారు 600 మీటర్ల గడ్డి మైదానం. పాలతైన్ కొండ వైపు గట్టు మీద కూర్చుంటే నడిపించిన సారథుల చోటు, చూసినవాళ్ల చోటు రెండూ అర్థమవుతాయి.

నాటకశాలల్లో ఆడవాళ్లను పై వరసలకు పంపాడు ఆగస్టస్ చక్రవర్తి. సర్కస్‌లో అందరూ కలిసే కూర్చునేవారు. అందుకే ఓవిడ్ దృష్టి దీని మీద పడింది. పక్కనే కూర్చో, ఇరుకు వరసలే నీకు సాయం. ఒళ్లో దుమ్ము పడితే దులుపు, పడకపోయినా దులుపు. వెనకవాడి మోకాలు ఆమె వీపుకు తగలకుండా చూసుకో. ఈ కొంటెతనం చూసి పుస్తకం మొత్తాన్ని తేలికగా తీసుకోకూడదు. బలవంతాన్ని సమర్థించే పంక్తులూ ఇందులో ఉన్నాయి, వాటిని నవ్వులాటగా దాటెయ్యడానికి లేదు. రెండో పుస్తకం మాత్రం ఇప్పటికీ పనికొచ్చేది. ప్రేమ దక్కాలంటే ప్రేమించదగ్గవాడివి కా. అందం ఏళ్లతో తరిగేది, మనసును సానపట్టు, రెండు భాషలూ బాగా నేర్చుకో. ఉలిస్సిస్ అందగాడు కాదు, మాటకారి. సముద్ర దేవతలు అతనికోసం తపించింది అందుకే.

క్రీ.పూ. 18లో వివాహ చట్టాలు తెచ్చి, వ్యభిచారాన్ని నేరం చేసినవాడు ఆగస్టస్. ఆయన కాపురమున్న కొండ కిందే ఈ పాఠాలు! దాని ఫలితం సుల్మోనాలో తేలుతుంది.

నాలుగో రోజు: లిచెంజా

ఈ యాత్రలో కష్టమైన రోజూ ఇదే, దక్కేది ఎక్కువగా ఉన్న రోజూ ఇదే. రోమ్ మెట్రో బి లైనులో పోంతె మమ్మొలో దిగి కోత్రాల్ బస్సు ఎక్కాలి. లేదా తిబుర్తీనా నుంచి మాందెలా-సంబూచి దాకా రైలు, అక్కడినుంచి లోయలోకి బస్సు. బస్సు టికెట్ పొగాకు దుకాణంలోనో, బార్‌లోనో ముందే రెండు తీసుకోండి, తిరుగు ప్రయాణానికి పల్లెలో దుకాణం తెరిచి ఉంటుందన్న భరోసా లేదు. ఆఖరి బస్సు ఎప్పుడో దిగేటప్పుడే డ్రైవర్ని అడగండి. హోరేస్ ఇల్లు ఊరికి కింద, రోడ్డు నుంచి పక్కకు మళ్లిన బాటలో ఉంటుంది. తెరిచే వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు ఊరి మ్యూజియంకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ముగ్గురు నలుగురుంటే కారు అద్దెకు తీసుకోవడమే మేలు.

సిర్మియోనేలో పేరొకటి, అసలు కట్టడం ఇంకొకటి. ఇక్కడ ఆధారాలు గట్టివి. హోరేస్ తన లేఖల్లో ఇంటి దగ్గరి ఏరు పేరు దిగెన్తియా అన్నాడు, అది ఇవాళ్టి లిచెంజా. చలికి ముడతలు పడ్డ పల్లె మాందెలా, ఇప్పటికీ అదే పేరు. సంతకు వెళ్లే ఊరు వరియా, ఇప్పటి వికోవారో. వకూనా దేవత కూలిన గుడి వెనక కూర్చుని లేఖ చెప్పి రాయించానన్నాడు. వెస్పేసియన్ చక్రవర్తి శిథిలమైన విక్టోరియా గుడిని బాగుచేయించినట్టు చెప్పే శాసనం పక్క ఊరు రొక్కజోవినేలో దొరికింది. ఆ రెండూ ఒకే గుడి అని పండితులు పోల్చారు. ఇంతవరకూ హోరేస్ పేరున్న రాయి మాత్రం దొరకలేదు. 1911లో మొదలైన తవ్వకాల్లో ఉత్తరాన నివాసం, నలుపు తెలుపు మొజాయిక్ నేలలు, నడుమ కొలనుతో వసారాల తోట, పడమట స్నానశాల బయటపడ్డాయి. స్నానశాలలో ఎక్కువ భాగం తరవాతి యజమానుల కట్టుబడి.

హోరేస్ తండ్రి బానిసత్వం నుంచి విడుదలైనవాడు, వేలం సొమ్ము వసూలు చేసే పని. కొడుకు ఫిలిప్పి యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచి పొలం పోగొట్టుకున్నాడు. తరవాత ఆగస్టస్ ఆంతరంగికుడు మైకేనస్ ఆదరణలో ఈ పొలం దక్కింది. రెండో పుస్తకం ఆరో వ్యంగ్యకావ్యంలో "నేను కోరుకున్నది ఇదే: మరీ పెద్దది కాని పొలం, ఒక తోట, ఇంటి దగ్గర ఎండని ఊట, పైన కాస్త అడవి" అంటాడు. తోటలో నిలబడి చూస్తే నాలుగూ కంటికి కనబడతాయి. అయితే ఆ "చిన్న" పొలంలో ఎనిమిది మంది బానిసలు పనిచేసేవారు. విసిగించిన దావుస్ అనే బానిసని తొమ్మిదో కూలీగా అక్కడికే పంపేస్తానని బెదిరిస్తాడు. మితంగా బతకమనే పద్యాలు చదివేటప్పుడు ఈ లెక్క మరవకూడదు. మేనేజరుకు ఈ మూల నచ్చదు, ద్రాక్ష కన్నా మిరియాలు, సాంబ్రాణే ముందు పండుతాయని గొణుగుతాడు. అక్కడ పండే అవకాశమే లేని ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో వెళ్లినవి.

ఇప్పుడు మొదటి పుస్తకం పదకొండో గీతం. ఎనిమిది పంక్తులు, ల్యూకోనొయె అనే అమ్మాయికి చెబుతున్నాడు. దేవుళ్లు నీకూ నాకూ ఎంత ఆయుష్షు రాశారో అడక్కు, బాబిలోను లెక్కలు వెయ్యకు. అంటే, జాతకాలు చూపించుకోకు అని. బయట చలికాలం, సముద్రం రాళ్లకు కొట్టుకుని అలిసిపోతోంది. ద్రాక్షసారా వడగట్టు, కాలం చిన్నది, పొడుగాటి ఆశను కత్తిరించు, మనం మాట్లాడుతుండగానే అసూయ పట్టిన కాలం పారిపోయి ఉంటుంది. ఈ రోజును కోసుకో, రేపటిని వీలైనంత తక్కువ నమ్ము. కప్పు మీద "ఈ రోజును కోసుకో" వరకే ఉంటుంది. దాన్ని సాహసాలకు, షాపింగ్‌కి పిలుపుగా వాడతారు. పద్యంలో ఉన్న పని సారా వడగట్టడం, అంతే. ఆశను పెంచుకోమనలేదు, తగ్గించుకోమన్నాడు. క్రీ.పూ. 23లో వెలువడిన ఈ మాటను అప్పటినుంచీ ఎక్కువమంది తిరగేసే చదువుతున్నారు.

పైన ఉన్న ఊట దగ్గర బందూసియా గీతం చదవడం ఆనవాయితీ. గాజు కన్నా తేటగా ఉన్న ఊట అని మొదలవుతుంది. ఎనిమిది పంక్తులు తిరక్కుండానే రేపు నీకో మేకపిల్లను బలి ఇస్తాను, దాని నెత్తురు నీ చల్లటి నీళ్లను ఎర్రబరుస్తుంది అంటాడు. అసలు ఆ ఊట ఇక్కడిదో, ఆయన పుట్టిన వెనోజా దగ్గరిదో అన్న వాదం తేలలేదు.

అయిదో రోజు: సుల్మోనా

తిబుర్తీనా నుంచి అపెన్నైన్ కొండలు ఎక్కి దిగే రైలు. మూడు గంటల లోపే గానీ, రోజుకు కొద్ది బళ్లే. పొద్దున బండి తప్పితే ఆ రోజు పోయినట్టే. సుల్మోనా రోమ్‌కు తొంభై మైళ్లు అని ఓవిడ్ స్వయంగా చెప్పాడు. చల్లటి నీళ్ల ఊరన్నాడు, ఇప్పటికీ నిజమే. "సుల్మో నా సొంత ఊరు" అన్న ఆయన మాటల మొదటి అక్షరాలు నాలుగూ ఊరి చిహ్నంలో ఉన్నాయి. చౌకులో 1925లో పెట్టిన కంచు ఓవిడ్, శిల్పి ఎత్తోరె ఫెర్రారి. అచ్చం ఇలాంటిదే, ఆ శిల్పే చేసిన ఇంకో విగ్రహం 1887 నుంచి రుమేనియాలోని కొన్‌స్తాన్‌త్సాలో ఉంది. అదే నాటి తోమిస్. క్రీ.శ. 8లో ఆగస్టస్ ఆయన్ని పంపించేసిన ఊరు. కారణాలు రెండు, ఒక కావ్యం, ఒక పొరపాటు అన్నాడు ఓవిడ్. కావ్యం ప్రేమకళ. పొరపాటు ఏమిటో చెప్పలేదు. అక్కడే పోయాడు. 2017లో రోమ్ నగర మండలి ఆ శిక్షను రద్దు చేసింది!

ఊరికి కాస్త దూరంలో మొర్రోనే కొండ మీద "ఓవిడ్ ఇల్లు" అని చెప్పుకునే మెట్టల కట్టడం ఉంది. తవ్వి చూస్తే హెర్క్యులిస్ గుడి అని తేలింది. సాయంత్రం వెలుగుండగా వెళ్లిరావడానికి బాగుంటుంది, టాక్సీని నిలిపి ఉంచుకోండి.

ఇక్కడ చదవాల్సింది "ప్రేమకు మందులు". 814 పంక్తుల్లో వైద్యుడి వరసలో నడుస్తుంది. మొదట్లోనే అడ్డుకో, ముదిరాక మందు ఆలస్యమవుతుంది. ముదిరిపోయిందా, ఉధృతం తగ్గేదాకా ఆగు, అప్పుడే చచ్చిన కొడుకు కోసం తల్లి ఏడుస్తుంటే ఎవరు మాత్రం ఊరుకోమంటారు? ఆ తరవాత ఖాళీగా ఉండకు. వ్యవసాయం, కోర్టు పని, వేట, చేపలు పట్టడం, ఏదైనా సరే. అదీ కాకపోతే దూరం వెళ్లు. ప్రయాణికుడికి ఆయన చెప్పే జాగ్రత్తలు కచ్చితమైనవి: వానొస్తే బాగుండని కోరుకోకు, ఎన్ని మైళ్లు వచ్చాం, ఎన్ని మిగిలాయని అడక్కు, రోజులు లెక్కపెట్టకు, మాటిమాటికీ రోమ్ వైపు వెనక్కి చూడకు. మానకముందే తిరిగొస్తే రోగం మొదటికొస్తుంది. మంత్రాలు, మూలికలు పనిచెయ్యవు, మెడియా, సర్సీ అంతటి మంత్రగత్తెలకే పనిచెయ్యలేదు. ఒంటరిగా ఉండకు. పాత ఉత్తరాలు మళ్లీ చదవకు, తగలబెట్టు, బొమ్మలు కూడా తీసెయ్యి. ఇప్పుడైతే ఫోన్‌లో ఫొటోలు. అన్నిటికన్నా సూక్ష్మమైన సలహా ఒకటుంది: ప్రేమించడం లేదని పదిమందికీ చెప్పుకు తిరిగేవాడు ఇంకా ప్రేమిస్తూనే ఉన్నాడు. చివర పథ్యం. ఉల్లిజాతి గడ్డలు వద్దు, సారా అయితే అసలు వద్దు, లేదా చింతలన్నీ మునిగిపోయేంత. నడిమధ్య మాత్రం చెరుపు, చిన్న గాలి నిప్పును రాజేస్తుంది, పెద్ద గాలి ఆర్పేస్తుంది.

చక్కెర పూసిన బాదం ఈ ఊరి మిఠాయి. రంగురంగుల పూలగుత్తుల్లా కట్టి అమ్ముతారు, పెళ్లిళ్లకు పంచేవి.

ఆరో రోజు: నేపుల్స్, అవెర్నుస్

పటంలో దగ్గరగా కనిపించినా సుల్మోనా నుంచి నేరుగా నేపుల్స్‌కు మామూలు రైలు లేదు. కొండల మీదుగా ఉన్న పాత లైనులో పర్యాటక రైళ్లే తిరుగుతాయి. అయిదో రోజు రాత్రికే రోమ్ చేరి, తెల్లారి వేగం బండి ఎక్కితే గంటా పది నిమిషాలు.

టాక్సీవాడికి "వర్జిల్ పార్కు" అని చెబితే పొసిల్లిపో కొండ మీది పెద్ద పార్కులో దింపుతాడు. కావాల్సింది అది కాదు. మెర్జెల్లీనా స్టేషన్ వెనక, పియేదిగ్రోత్తా చర్చి పక్కన ఉన్న చిన్న తోట. నిటారు మెట్లు ఎక్కాలి. పైన ఉన్న గుండ్రటి కట్టడం ఆగస్టస్ కాలపు అస్థికల గది. వర్జిల్ క్రీ.పూ. 19 సెప్టెంబరు 21న బ్రుందీసియంలో (ఇప్పటి బ్రిందిజీ) పోయాడు, అస్థికలు నేపుల్స్ తెచ్చారు. ఈ గదే ఆయనదన్న రుజువు లేదు. పక్కనే 700 మీటర్ల పాత సొరంగం ముఖద్వారం. మధ్యయుగాల జనం దాన్ని వర్జిల్ మంత్రంతో ఒక్క రాత్రిలో తవ్వాడని నమ్మారు.

మధ్యాహ్నం మొంతెసాంతో నుంచి కుమానా రైల్లో లుక్రీనో దిగి, పది నిమిషాలు నడిస్తే అవెర్నుస్ సరస్సు. ఈ ప్రాంతంలో నేల పైకి లేస్తూ, చిన్న కంపాలు వస్తూ ఉంటాయి. అప్పుడప్పుడూ రైళ్లు ఆపేస్తారు కాబట్టి స్టేషన్‌లో అడిగి ఎక్కండి. పాతాళ ద్వారమని వర్జిల్ చెప్పిన చోటు ఇదే. "అవెర్నుస్‌లోకి దిగడం తేలిక" అన్నది సూక్తి. మిగతా సగం: అడుగు వెనక్కి తిప్పి పైగాలికి రావడం, పనంటే అదీ, కష్టమంటే అదీ.

ఇక్కడ వర్జిల్ మహాకావ్యం ఈనెయిడ్ ఆరో పుస్తకంలో 450 నుంచి 476 దాకా చదవండి. ప్రియుడు ఈనియాస్, తను విడిచి వెళ్లాక ప్రాణం తీసుకున్న కార్తేజి రాణి దిదోని పాతాళంలో చూసి ఏడుస్తాడు, ఇష్టపడి వెళ్లలేదు, దేవుళ్ల ఆజ్ఞ అంటాడు. ఆమె నేల చూపులు చూస్తుంది, చెకుముకి రాయిలా నిలబడుతుంది. ఒక్క మాటా అనకుండా మొదటి భర్త దగ్గరికి వెళ్లిపోతుంది. నాలుగో పుస్తకం నిండా ఆమె అన్ని మాటలు మాట్లాడి ఉండటం వల్ల ఈ మౌనానికి అంత బరువు. అందుకని నాలుగోది రైల్లోనే ముగించుకుని రావాలి.

ఏడో రోజు ఉన్నవాళ్లకు హోరేస్ పుట్టిన వెనోజా ఉంది. రైలు, బస్సు కలవడం కష్టం, కారే దిక్కు. అక్కడ "హోరేస్ ఇల్లు" అని చూపించేవి కూడా తరవాతి కాలపు స్నానశాల గదులే. భోజనానికి లగానె ఎ చేచీ అడగండి: వెడల్పాటి పిండి పట్టీలు, శనగలు. మొదటి వ్యంగ్యకావ్యాల్లో హోరేస్ సాయంత్రం ఇంటికెళ్లి తినేది ఉల్లికాడలు, శనగలు, లగానే. మాంసం తిననివాళ్లు పంది కొవ్వు వెయ్యొద్దని ముందే చెప్పాలి. కొందరు తాలింపులోనే వేస్తారు, వడ్డించాక తీయడానికి ఉండదు.